నీలం గడి నొక్కిన చెయ్యి

అఫ్రీన్, ఆ చున్నీలు మడతపెట్టడం తర్వాత చేద్దువుగాని, ఇటు రా. ఇంకా దగ్గరికి. నా మోకాలు నీకు తగిలినా ఫరవాలేదు, నొప్పి పుట్టేది ఇది కాదు, ఎడమది. మీ అమ్మ ముందు గదిలో మిషన్ వేసుకుని కూర్చుంది, ఆ సూదుల చప్పుడులో మన మాట అటు పోదు. పోయినా పోనీ గాని, కొన్ని మాటలు మొదటిసారి మెల్లగానే వస్తాయి. నేను చెప్పబోయేది ఒక్క గంట సంగతి. పోయిన శనివారం మధ్యాహ్నం జోహర్ నమాజు అయ్యాక, వనపర్తి బస్టాండు ఎదుట ఏసురత్నం కంప్యూటర్ దుకాణంలో, ప్లాస్టిక్ స్టూలు మీద నేను కూర్చున్న గంట. డెబ్బైమూడేళ్ళు బతికాను, కాన్పులు చూశాను, కరువులు చూశాను, మీ దాదాను మట్టిలో పెట్టి వచ్చాను, అంత పొడుగున్న గంటను మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఎదురుగా బల్ల మీద మన ఇంటి కంప్యూటర్ ఉంది. దాని తెర మీద ఒక సన్నటి గీత, గీత పక్కన ఒక అంకె. నాకు అక్షరాలు రావు గాని అంకెలు వస్తాయని నీకు తెలుసు. ఖిల్లా ఘణపూర్ బడిలో రెండో తరగతి దాకా పోయి నేను మూటగట్టుకుని వచ్చినవి అవే. గుడ్డ కొలవడానికి, బస్సు ఎక్కడానికి, ఫోను కొట్టడానికి ఇన్నేళ్ళు సరిపోయాయి. అంకె నాలుగు అని ఉంది. వంద అయితే పని అయిపోయినట్టని ఏసురత్నం చెప్పాడు. నా పక్కన ఇంకో స్టూలు మీద మీ అమ్మ ఫరా కూర్చుంది, గోడకు ఆనుకుందామని చూసింది, గోడ సున్నం బట్టకు అంటుతుందని నా వైపు జరిగింది, జరిగి అట్లాగే కునుకు పట్టి తల నా భుజం మీద వాల్చేసింది. నెల రోజులుగా అది సరిగా నిద్రపోలేదు, పోయిన డిజైన్లన్నీ మళ్ళీ మొదటి నుంచి గీస్తోంది కదా, పగలంతా వంగి వంగి మెడ పట్టేసింది. ఫోను బాగు చేయించుకోవడానికి వచ్చిన ఒకామె మమ్మల్ని చూసి నవ్వి, "మీ బిడ్డనా అమ్మా?" అని అడిగింది. కోడలు అన్నాను. "అత్త భుజం మీద పండుకునే కోడలా! నసీబు మంచిగుంది మీది" అన్నది. ఆ మాటకు నా భుజం రాయిలా బిగుసుకుంది. మీ అమ్మ తల కదిలింది, మళ్ళీ సర్దుకుంది. ఏడు అయింది అంకె.

ఏసురత్నం అప్పట్లో రేడియోలు బాగు చేసేవాడు. మీ దాదా దర్జీ దుకాణంలో ఉండిన రేడియోను ఎన్నిసార్లు విప్పి బిగించాడో లెక్క లేదు. ముళ్ళు తిప్పితే ఒక ఊరి గొంతు పోయి ఇంకో ఊరి గొంతు వచ్చేది, మనం తిప్పితేనే వచ్చేది, మనం ఆపితే నోరు మూసుకునేది, ఆ రేడియో ఎంత మర్యాదస్థురాలో ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత టేపురికార్డర్లు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. తల నెరిసింది గాని చేతి వేళ్ళు మాత్రం అప్పటివే. అతను మన కంప్యూటర్ లోపల ఉన్నదంతా తుడిచి కొత్తది ఎక్కిస్తున్నాడు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటాడు. కంప్యూటర్‌కు పెట్టె వేరు, లోపల కూర్చుని దాన్ని నడిపేది వేరు అట. పాతదాన్ని దించి, లినక్స్ అని ఇంకొకటి ఉందట, దాన్ని కూర్చోబెడుతున్నాడు. "ఇది పిల్వకుంటే పలుకది పెద్దమ్మా, అడుక్కతినది, నెత్తి మీదికెక్కది" అన్నాడు. అటువంటి కోడలు దొరకడం కష్టం అన్నాను, ఇద్దరం నవ్వాం. నవ్వాక, నా భుజం మీద ఉన్న తల గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆ పాతది మమ్మల్ని పెట్టిన బాధ నీకు పూర్తిగా తెలియదు, నువ్వు నాగర్‌కర్నూలులో నర్సింగ్ హాస్టల్‌లో ఉన్నావు. మీ అమ్మ బ్లౌజు చేతికి ఒక నెమలి వేయాలంటే ఆ నెమలి మెడ ఎక్కడ వంగాలి, దారం ఎటు నుంచి ఎటు పోవాలి, సూది ఎక్కడ దిగాలి, ఎక్కడ ఆగి రంగు మారాలి, ఒక్కొక్క చుక్కా కంప్యూటర్‌లో పెడుతుంది. అట్లా పెట్టిందాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మిషన్‌కు గుచ్చితే మిషన్ కుడుతుంది. ఒక మంచి డిజైన్‌కు మూడు రోజులు, నాలుగు రోజులు. ఏడేళ్ళుగా చేసినవి నాలుగు వందల పన్నెండు. నేను నా చేతులతో మగ్గం మీద కుట్టిన పాతకాలం మామిడిపిందెల కైరీలు, మల్లెమొగ్గలు, అవి కూడా నన్ను అడిగి, నా పాత గుడ్డలు ముందర పెట్టుకుని, దాంట్లోకి ఎక్కించింది. సరిగ్గా నెమలి మెడ దగ్గరికి వచ్చేసరికి తెర మధ్యలో టక్కుమని ఒక డబ్బా పడేది. కొత్తది వచ్చింది ఎక్కించుకుంటావా అని ఒకటి. మేము నచ్చామా, ఎన్ని చుక్కలు ఇస్తావు అని ఒకటి. వాన వస్తుంది జాగ్రత్త అని ఇంకొకటి, కిటికీలోంచి వాన మాకు కనబడుతూనే ఉండేది. మీ అమ్మ దాన్ని తీసేసేలోపల చెయ్యి జరిగి నెమలి మెడ వంకర పోయేది. ఒకసారి బిజినేపల్లి నుంచి పెళ్ళివాళ్ళు వచ్చి బ్లౌజు కోసం చాప మీద కూర్చుని ఉన్నారు, అది తనంతట తాను ఆగిపోయి, నన్ను ఆపవద్దు ఆపవద్దు అని రాసి పెట్టుకుని, గుండ్రంగా చుక్కలు తిప్పుకుంటూ గంటంబావు కూర్చుంది. పెళ్ళికూతురు తల్లి మూడుసార్లు చాయ్ తాగింది. మీ నాన్న బషీర్ ఇల్లంతా తిరుగుతూ, "ఇది మన కంప్యూటరా, వానిదా? మనమేమన్న దీంట్ల కిరాయికుంటున్నమా?" అని అరిచాడు. కొనింది మనమే, కూర్చునేది మనమే, పెత్తనం మాత్రం ఎవరిదో. అందరికీ విసుగే. నాకు తప్ప. అదే నేను చెప్పవలసింది. నాకు ఆ డబ్బాలంటే విసుగు ఉండేది కాదు, అఫ్రీన్. నాకు అవి ఇష్టంగా ఉండేవి.

పద్దెనిమిది. గీత కొంచెం పాకింది. బయట డ్రైవరు "గద్వాల, గద్వాల, గద్వాల" అని గొంతు చించుకుంటున్నాడు, ఉడకబెట్టిన పల్లీల వాసన లోపలికి వస్తోంది.

మీ అమ్మ పొయ్యి దగ్గరికి పోయినప్పుడు, బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కినప్పుడు మిషన్ దగ్గర నేను కూర్చునేదాన్ని. దారం తెగితే అది కూయి కూయి అంటుంది, నేను లేచి సూదిలో దారం ఎక్కించాలి, ఈ వయసులో కూడా ఒక్క ఊపుకే ఎక్కిస్తాను, ఆ గర్వం నాకు ఉంది. మిషన్ పక్కనే కంప్యూటర్. ఇంట్లో ఎవరూ లేని సమయానికి దాంట్లో ఒక డబ్బా పడుతుంది. అంటే ఎవరో వచ్చి వాకిట్లో నిలబడి ఏదో అడుగుతున్నట్టు. మా అమ్మ మమ్మల్ని పెంచిన పద్ధతి అట్లాంటిది, ఫకీరు గడప ముందు నిలబడితే, ఇంట్లో గింజ లేకపోయినా లేదు అన్న మాట నోట రాకూడదు, "మాఫ్ కరో బాబా" అనాలి, మమ్మల్ని మన్నించు అని మనమే అడగాలి. పక్కింటి పార్వతమ్మ కూడా అంతే, ఉప్పు డబ్బా ఖాళీ అయితే ఉప్పు లేదు అనదు, నిండుకుంది అంటుంది. బయలుదేరేవాళ్ళు పోతున్నాను అనరు, వస్తాను అంటారు. ఇట్లాంటి ఊళ్ళో పుట్టి, ఇట్లాంటి నోటితో బతికినదాన్ని, ఒకడు వచ్చి అడుగుతుంటే మొహం మీద కాదు అని ఎట్లా కొట్టను? మీ అమ్మ చెప్పింది, చెప్పలేదని అనను. "అమ్మీ, డబ్బా వస్తే మూలకున్న ఇంటూ గుర్తు నొక్కు, ఇంకేం ముట్టకు" అని వేలు పట్టి చూపించింది. ఆ ఇంటూ గుర్తు నాకు తెలుసు. పంతులు నా పలక మీద సుద్దతో ఎన్నిసార్లు వేశాడో, వేసిన ప్రతిసారీ పక్కన ఉన్న పిల్లలు ఎట్లా నవ్వేవారో. వచ్చినవాడి మొహాన ఆ గుర్తు వేయడానికి నాకు చెయ్యి రాలేదు. డబ్బాలో కింద రెండు గళ్ళు ఉండేవి. ఒకటి నీలం రంగులో పెద్దగా, నిండుగా. ఇంకొకటి వెలిసిపోయిన గుడ్డలాగ, కనబడీ కనబడకుండా. నీలందాన్ని నొక్కితే ఒక టిక్కు పడేది, డబ్బా సంతోషంగా వెళ్ళిపోయేది. అదే వెలిసిపోయినదాన్ని నొక్కితే సాయంత్రానికి మళ్ళీ వచ్చి నిలబడేది. అందుకని నీలం నొక్కేదాన్ని. పోన్లే పాపం అనుకుంటూ నొక్కేదాన్ని. ఇంకో సంగతి కూడా ఉంది, నీ దగ్గర దాచను. పలక మీద ఎన్నడూ పడని ఆ టిక్కు, డెబ్బైమూడేళ్ళకు నా కోసం పడుతోంది. నాకు చెయ్యి దురదపెట్టేది.

ఇరవైతొమ్మిది, ముప్పై. ఆ రోజు వాన. మీ అమ్మ డాబా మీదికి పరుగెత్తింది. డబ్బా పడింది, ఎప్పటికంటే పెద్దది, పైన మబ్బు బొమ్మ. వానకు సంబంధించినదేమో అనుకున్నాను, నీలం నొక్కాను. పోలేదు. ఇంకొకటి తెరుచుకుంది, దాంట్లో ఖాళీ గళ్ళు వరసగా ఉన్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టాను, పది. పది అంకెలు కలిపి నాకు గుండెలో ఉన్నది లోకంలో ఒక్కటే, నా ఫోను నంబరు. కొట్టాను. ఫోను టింగుమంది, చూస్తే ఆరు అంకెలు వచ్చాయి, తెర మీద ఆరు గళ్ళు. అవీ కొట్టాను. పెద్ద టిక్కు పడింది, ఆకుపచ్చది, అరచేయంత. మీ అమ్మ తడి బట్టలతో దిగి వచ్చేసరికి నేను మిషన్ దగ్గర తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుని ఉన్నాను, ఇల్లు అడిగినవాడికి దారి చూపించినంత తృప్తిగా. అప్పటి నుంచి మీ అమ్మ డిజైన్లన్నీ మన కంప్యూటర్‌లో ఉన్నట్టు కనబడుతూనే, పైన ఎక్కడో ఆ కంపెనీవాళ్ళ దగ్గరికి పోయి కూర్చున్నాయని నాకేం తెలుసు. కొన్నాళ్ళకు ఆ మబ్బు డబ్బా రోజూ పడడం మొదలైంది, చోటు నిండిపోయింది, ఇంకా చోటు కొనుక్కో అని పోరు. మీ నాన్నకు ఒళ్ళు మండి, ఒక శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి, ఎవరినో ఫోనులో అడుగుతూ దాన్ని వేళ్ళతో సహా పెరికి పారేశాడు. దాంతోపాటు తెర మీద ఉన్న నాలుగు వందల పన్నెండు బొమ్మలూ పోయాయి. తెర కడిగిన పళ్ళెంలాగ ఉండిపోయింది.

ఆ సాయంత్రం మాటలు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. దుకాణంలో కూర్చుని కూడా అవే విన్నాను, మీ అమ్మ ఊపిరి నా మెడకు తగులుతుండగా. మీ నాన్న, "ఎవరు నొక్కిన్రు? దేన్ని నొక్కిన్రు? ఎవలో ఏదో నొక్కకుంటే అంత పైకెట్ల పోతది?" అన్నాడు. మీ అమ్మ, "నేనేం నొక్కలే" అంది. "నువ్వు గాకుంటే ఇంకెవరు నొక్కుతరు? కూచునేది నువ్వు, లేచేది నువ్వు!" మీ అమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. కోపంతో కాదు, అనుమానంతో కూడా కాదు. మునిగేవాళ్ళు గట్టు వైపు చూసినట్టు చూసింది. "అమ్మీ, నువ్వేమన్న నొక్కినవా?"

"నాకేం తెల్సు బిడ్డా, నేను చదువురాని దాన్ని" అన్నాను.

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అబద్ధం అంటే అబద్ధం కూడా కాదు, అదే దాని దుర్మార్గం. చదువురాదన్న మాటను ముసుగులా మొహం మీదికి లాక్కున్నాను, ఆ ముసుగు వేసుకున్నదాన్ని ఎవరూ ప్రశ్న అడగరు. మీ నాన్న అసలు నా వైపు తిరగనే లేదు. మర్నాడు పార్వతమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఏంది జమీలమ్మా, నిన్న మీ ఇంట్ల లొల్లి వినవడ్డది?" అని అడిగితే, "ఫరా పరాకుల ఏదో నొక్కిందంట, అన్ని పోయినయ్" అని నేనే అన్నాను. ఎవరూ అనమనలేదు, నా నోటితోనే అన్నాను. బిజినేపల్లి నుంచి మీ మేనత్త ఫోను చేస్తే దానికీ చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు మొదటిసారంత బరువు కూడా అనిపించలేదు.

నలభైఒకటి దగ్గర అంకె చాలాసేపు ఆగిపోయింది. ఏసురత్నం స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుని పల్లీల పొట్లం విప్పాడు. తుడిచేది మొదలుపెట్టే ముందు అతను అడిగాడు, "ఫరమ్మా, మల్లొక్కసారి అడుగుతున్న, దాచేటిది ఏమన్న ఉన్నదా?" అని. "దాచేది ఉంటే గిట్లెందుకొస్తమన్నా" అంది మీ అమ్మ. నేను అప్పుడూ మాట్లాడలేదు. ఇప్పుడు అతను గొంతు తగ్గించి, "నాకు సమజ్ కానిది ఒక్కటే పెద్దమ్మా. గసొంటివి తీసెయ్యంగనే పోవు. పైన వాళ్ళ దగ్గర నెల దినాలు పడి ఉంటయ్. ఫరమ్మ నంబరు కొట్టి చూసిన, బషీరన్న నంబరు కొట్టి చూసిన, గా పేరు మీద ఎవరు లేరంటది. మరి ఏ నంబరు మీద పోయినయో ఏమో" అన్నాడు.

నోట్లో పల్లీ అట్లాగే ఉండిపోయింది. పది గళ్ళు నా కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. "నెల అంటే ఎన్ని దినాలు బిడ్డా, ముప్పయ్యా, ముప్పయ్యొకటా?" అని అడిగాను. "ముప్పై. గంటలతోని సహ లెక్కపెడ్తరు వాళ్ళు" అన్నాడు నవ్వుతూ. నేను లెక్కపెట్టాను. మీ నాన్న పెరికింది జుమ్మా నాడు. దాని తర్వాత జుమ్మాకు పార్వతమ్మ ఇంట్లో బోరు పడింది, ఒకటి. మీ నాన్నకు జ్వరం వచ్చి మసీదుకు పోలేదు, రెండు. గోధుమరంగు మేక ఈనింది, మూడు. నిన్నటిది నాలుగు. నాలుగు వారాలంటే ఇరవైఎనిమిది. ఇవాళ ఇరవైతొమ్మిది. ఏదీ మరచిపోని బుర్ర ఇచ్చాడు నాకు దేవుడు, ఆ బుర్ర నన్ను ఆ స్టూలు మీద పట్టి కూర్చోబెట్టి ఇరవైతొమ్మిది రోజులూ ఒక్కొక్కటే చూపించింది.

ఆ ఇరవైతొమ్మిది రోజులూ నేను మీ అమ్మకు పాల మీగడ పెట్టాను. నవ్వకు. పొద్దున్నే పాలు కాగగానే మీగడ తీసి, చక్కెర వేసి, మీ నాన్నకు కూడా పెట్టకుండా దానికి ఇచ్చేదాన్ని. మెడకు నూనె రాసేదాన్ని. "ఏంది అమ్మీ, ఈ నడుమ నన్ను గింత మంచిగ చూస్తున్నవ్?" అని అడిగింది ఒకరోజు, ఆ గొంతులో కృతజ్ఞత ఉంది. ఈ విద్య నేను ఎక్కడ నేర్చుకున్నానో నాకు తెలుసు. నా పెళ్ళయిన ఏడాది మా అత్త వెండి ముక్కుపుడక పోయింది. నేనే తీశానని నా పెట్టె విప్పించింది, నా బట్టలు ఒక్కొక్కటే నడి ఇంట్లో దులిపించింది. వారానికి ఆ ముక్కుపుడక ఆమె తమలపాకుల డబ్బాలోనే దొరికింది. ఒక్క మాట అనలేదు. ఆ పూట నా పళ్ళెంలో అన్నిటికంటే పెద్ద మాంసం ముక్క వేసింది. అంతే, ఆమె వైపు నుంచి లెక్క సరిపోయింది. ఆ ముక్క నాకు గొంతు దిగలేదు, కొంగులో పెట్టుకుని పోయి కుక్కకు వేశాను, ఇట్లాంటి అత్తను కాకూడదని ఆ కుక్క ముందు నిలబడి అనుకున్నాను. ఆమె ముక్క పెట్టింది, నేను మీగడ పెట్టాను.

అన్నిటికంటే పెద్దది ఇది. పది రోజులు పోయాక మీ అమ్మ నా దగ్గరికి వచ్చి, "నేనే నొక్కి ఉంట అమ్మీ. యాదికొస్త లేదు గాని, నేనే ఏదో నొక్కి ఉంట" అంది. చెయ్యని పనిని నమ్మేసింది. ఇల్లంతా ఒకటే మాట అంటుంటే పాపం తన బుర్రనే తప్పు పట్టుకుంది. అప్పటి నుంచి చూశాను, ఫ్యాను స్విచ్ వేయడానికి కూడా వేలు అక్కడ పెట్టి ఆగి, రెండుసార్లు చూసి వేసేది. పన్నెండు సూదుల మిషన్‌ను కళ్ళు మూసుకుని నడిపే మనిషి, గ్యాసు బంద్ చేశానా లేదా అని వాకిట్లో నుంచి వెనక్కి వచ్చేది. అది చూసి కూడా నేను మీగడే పెట్టాను.

అరవైరెండు. నా బుర్ర అడ్డదారులు వెతకడం మొదలుపెట్టింది, సిగ్గు మనిషికి ఎన్ని తెలివితేటలు నేర్పుతుందో చూడు. ఏసురత్నానికి కన్నుసైగ చేసి బయటికి పిలుద్దాం, పల్లీల బండి దగ్గర నా నంబరు చెబుదాం, అతనే ఎట్లాగో కనిపెట్టినట్టు మీ అమ్మకు చెప్పమందాం, మంచివాడు, చెబుతాడు. డిజైన్లు వస్తాయి, నా మొహమూ మిగులుతుంది. లేవాలని చూశాను. లేవలేకపోయాను. భుజం మీద తల ఉంది. నేను లేస్తే అది లేస్తుంది. ఆ తల బరువు ఎంత ఉంటుంది, పుచ్చకాయంత. దాని కింద నుంచి నేను కదలలేక కూర్చున్నాను. డెబ్బై. డెబ్బైఒకటి. రేపు ఆదివారం, రేపు మధ్యాహ్నానికి ముప్పై. తెర మీద అంకె పెరుగుతోంది, నా దగ్గర ఉన్న గంటలు తరుగుతున్నాయి, రెండింటికీ మధ్య నేను ఒక స్టూలు మీద, నోట్లో నమలని పల్లీతో.

"ఏసురత్నం" అన్నాను. "నా నంబరు కొట్టు."

"మీ నంబరెందుకు పెద్దమ్మా?"

"కొట్టు బిడ్డా. నొక్కింది నేను. ఫరా కాదు, నేను. పది గళ్ళల్ల నా నంబరే వేసిన."

ఏసురత్నం చేతిలో పల్లీ పొట్టు కింద పడింది. నన్ను చూశాడు, నా భుజం మీద ఉన్న తలను చూశాడు, "ఇది కానీయ్, ఇంకింత ఉన్నది" అని తెర వైపు తిరిగాడు. అప్పుడు తెలిసింది నాకు. నా మెడకు తగులుతున్న ఊపిరి ఆగింది. మళ్ళీ మొదలైంది గాని నిద్రపోయే మనిషి ఊపిరి కాదు. మీ అమ్మ మేలుకుంది. మేలుకుని కూడా తల ఎత్తలేదు. డెబ్బైఎనిమిది నుంచి వంద దాకా, ఆ తల అక్కడే ఉంది, నేను అట్లాగే ఉన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. దిగ్గున లేచి ఉంటే బాగుండేది. నా భుజం మీద నీళ్ళు పడ్డాయా అంటే పడలేదు, పొడిగానే ఉంది. ఆ ఇరవైరెండు అంకెలూ నేను మోసినట్టు ఏ బిందెనూ మోయలేదు.

వంద అయింది. తెర ఒకసారి నల్లబడి, మళ్ళీ వెలిగింది. కొత్తది మౌనంగా కూర్చుని ఉంది, ఒక్క డబ్బా లేదు, ఒక్క ప్రశ్న లేదు, అడగకపోవడం చూసి నాకే భయమైంది. ఏసురత్నం నా నంబరు కొట్టాడు. నా ఫోను టింగుమంది. ఆరు అంకెలు వచ్చాయి, చదవమన్నాడు, మీ అమ్మ వింటుండగా ఒక్కొక్కటే పైకి చదివాను, మూడు, సున్న, తొమ్మిది, తొమ్మిది, ఒకటి, ఐదు. తెర నిండా బొమ్మలు దిగడం మొదలయ్యాయి, ఏనుగులు, మొగ్గలు, తామరలు, బిజినేపల్లి వాళ్ళ పెళ్ళి బ్లౌజు మెడ, పోయిన రంజాన్‌కు నీకోసం వేసిన చంద్రవంక. మీ అమ్మ అప్పుడు తల ఎత్తింది. తెర దగ్గరికి పోయి నిలబడింది. నవ్వలేదు, ఏడవలేదు. రెండు అరచేతులూ ముందర పెట్టుకుని వాటినే చూసింది. "నేను నా చేతుల్ని నమ్ముడు బంద్ చేసిన అమ్మీ" అంది. అంతే. నేను మాఫ్ కరో అందామని నోరు తెరిచాను, వాకిట్లో ఫకీరుకు వేయి సార్లు అన్న మాట, ఆ ఒక్కసారి నిజంగా కావలసి వచ్చినప్పుడు బయటికి రాలేదు. మీ అమ్మ ఆటోలో కంప్యూటర్‌ను ఒడిలో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి, రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

అక్కడితో అయిపోయిందనుకుంటున్నావా? అయిపోయి ఉంటే నిన్ను ఇట్లా పిలిచేదాన్ని కాదు. ఇంటికి రాగానే మీ నాన్న అడిగాడు, "ఎట్ల దొరికినయ్?" అని. నేను మాట కూడగట్టుకుంటున్నాను. మీ అమ్మ నాకంటే ముందే, "ఏసన్న ఎతికిండు, దొరికినయ్. గంతే" అని కంప్యూటర్ తీగలు గుచ్చుకుంటూ అంది. నా వైపు చూడలేదు. నన్ను కాపాడింది, అఫ్రీన్. ఎందుకు కాపాడిందో నాకు తెలియదు, జాలి పడిందో, ఇంట్లో మళ్ళీ లొల్లి వద్దనుకుందో. మీ నాన్న, "సరే, ఇగనన్న చూస్కొని నొక్కు" అన్నాడు. మీ అమ్మ సరే అంది. నేను మళ్ళీ నోరు మూసుకున్నాను. దుకాణంలో పరాయివాడి ముందు తెరిచిన నోటిని, ఇంట్లో కొడుకు ముందు మూసుకున్నాను. వారం అయింది. నిన్న నువ్వు సంచి దించీ దించకముందే మీ అమ్మతో, "అమ్మా, మస్తు జాగ్రత్తగ ఉండాలే, నీ ఒక్క క్లిక్కుతోని అందరు పరేషాన్ అయిన్రు" అన్నావు. నీకు తెలియక అన్నావు. అది తల వంచుకుని నీకు రొట్టె వేసింది. ఆ వంచిన తలను నేను చూడలేకపోయాను. నేను పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది ఆకలి లేక కాదు.

ఇదిగో, మీ నాన్న పొద్దుగూకి మగ్రిబ్ నమాజు కాకముందే వస్తాడు. నేనే చెబుతాను, నువ్వు చెప్పవద్దు, నా పక్కన నిలబడు చాలు. గోడ దగ్గరికి పోయి పార్వతమ్మకు కూడా నేనే చెబుతాను. కానీ నేను మోసిన మాట ఎన్ని ఇళ్ళు తిరిగిందో నాకు తెలియదు, నా కాళ్ళు అన్ని ఇళ్ళకూ పోలేవు, నేను ఎన్నాళ్ళు ఉంటానో కూడా తెలియదు. బిజినేపల్లిలో నీ మేనత్తకు చెప్పు. నీ హాస్టల్ పిల్లలకు చెప్పావు కదా, వాళ్ళకు చెప్పు. రేపు నీ పెళ్ళిలో ఎవరైనా నవ్వుతూ, ఫరా ఒకసారి అన్నీ పోగొట్టింది కదా అంటే, అక్కడే ఆపి చెప్పు, నొక్కింది జమీలాబీ అని. పేరు పెట్టి చెప్పు. నొక్కింది, దాచింది, కోడలి మీదికి నెట్టింది అని మూడూ చెప్పు. ఒక్కటి గుర్తు పెట్టుకో బిడ్డా, చెప్పేటప్పుడు, మా దాదీకి చదువు రాదు పాపం అన్న మాట మాత్రం దానికి కలపకు.